పగిలిన గాజుల నుంచి పూసలు: చీలిన ప్రతి పూసకూ లెక్క

ఇప్పటివరకు 294 పూసలు చేశాను. 190 నిలిచాయి. మిగతా 104 ఎక్కడ, ఎందుకు పోయాయో పూసగుచ్చినట్టు రాయడానికే ఈ డైరీ. మొదటి వారం సంబరం, రంగురంగుల ఫొటోలు వదిలేస్తున్నాను. వాటితో ఎవరికీ పని లేదు.

అనుకున్నది: 10 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకుపచ్చ పూసలు 108, ఒకే దండగా. ముడిసరుకు గాజుల కొట్టులో పగిలినవి, అమ్ముడుపోకుండా మిగిలినవి. స్థలం విజయవాడలో మా ఇంటి వెనక వరండా. మన భాషలో చేతికి వేసుకునేదీ గాజే, పదార్థమూ గాజే. అందుకని ఇక్కడ మొదటిదాన్ని చేతిగాజు అంటాను.

దశ 1: ఏరడం

కిలో 40 రూపాయల చొప్పున 6 కిలోలు తెచ్చాను. ఇంటికొచ్చి చూస్తే 800 గ్రాములు ప్లాస్టిక్కూ రేకూ. మరో 1.1 కిలోల మీద బంగారు పూత, తళుకుల పొడి. మిగిలినది 4.1 కిలోలు.

1. సూది కాల్చి తాకించాలి. దిగబడితే ప్లాస్టిక్కు.
2. బంగారు గీతలున్నవి పక్కన పెట్టాలి. మంటలో ఆ పూత మాడి పూస లోపల మచ్చలా ఉండిపోతుంది. గరుకు కాగితంతో రుద్ది చూశాను. ఒక్కోదానికి పది నిమిషాలు పట్టింది, మానేశాను.
3. రంగును బట్టి కాదు, కట్టను బట్టి వేరు చేయాలి. ఒక కట్టలోవి ఒక సంచిలో.

మూడోది నేను పాటించలేదు. ఆకుపచ్చవన్నీ ఒకే డబ్బాలో పోశాను. ఆ డబ్బా చేసిన నష్టం దశ 6లో వస్తుంది.

కొలతలు: 'రెండు ఆరు' సైజు చేతిగాజు లోపలి వ్యాసం 60 మిల్లీమీటర్లు. మందం 3 మిల్లీమీటర్లు. చాపితే దాదాపు 19.8 సెంటీమీటర్ల కడ్డీ. బరువు 3.5 గ్రాములు. 10 మిల్లీమీటర్ల పూసకు 1.15 గ్రాములు చాలు, అంటే ఒక చేతిగాజుకు మూడు పూసలు.

ఒక జాగ్రత్త. చేతిగాజులు తయారయ్యే ఫిరోజాబాద్‌లో (ఉత్తరప్రదేశ్) గాజును స్ప్రింగులా చుట్టి, కోసి, ఒక్కో చుట్టు కొసలను మంట మీద అతికిస్తారు. ఆ అతుకు వేలికి చిన్న బుడిపెలా తగులుతుంది. మంటలో పెట్టగానే నా చేతిలో ఎక్కువగా అక్కడే పేలింది. అతుకున్న అర సెంటీమీటరు ముక్కను ముందే విరిచేస్తున్నాను.

ఖర్చు: సరుకు 240, ఆకురాయి, పట్టుకార్లు 360. మొత్తం 600.

దశ 2: మంట

మొదట ప్లంబర్లు వాడే చేతి టార్చి కొన్నాను, 1,100 రూపాయలు. గాజు కరిగింది. కానీ లేత రంగులన్నీ బూడిద పట్టాయి, ఎరుపు పాత చింతపండు రంగుకు దిగింది. గాజే నాసిరకం అనుకున్నాను.

మా వీధి చివర నగలు చేసే ఆచారి గారికి చూపించాను. ఆయన పూస కేసి ఒకసారి చూసి, "మంట చూపించమ్మా" అన్నారు. మర్నాడు వరండాలో నిలబడి, "కొసన ఆ పసుపు చూశావా? ఆకలి మీదున్న మంట అది. గాలి చాలక నీ గాజులోంచి లాక్కుంటోంది" అన్నారు. జరిగేది అక్షరాలా అదే. ఆక్సిజన్ చాలని మంట, రంగునిచ్చే రాగి లాంటి లోహాల ఆక్సైడుల నుంచి ఆక్సిజన్‌ను లాగేస్తుంది. రంగు చచ్చిపోతుంది.

దాంతో గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసే పాత కాన్సన్‌ట్రేటర్ (నిమిషానికి 5 లీటర్లు), బల్లకు బిగించే చిన్న టార్చి కొన్నాను. వంట సిలిండరును ఇలాంటి పనికి వాడకూడదు. 5 కిలోల వాణిజ్య సిలిండరు తీసుకున్నాను. ఎల్‌పీజీ గాలికన్నా బరువైనది, లీకైతే నేల మీద పరుచుకుంటుంది. కనుక సిలిండరు పెరట్లో, గొట్టం మాత్రం లోపలికి.

1. వెలిగించేటప్పుడు ముందు గ్యాస్, తరవాత ఆక్సిజన్.
2. ఆర్పేటప్పుడు ముందు ఆక్సిజన్, తరవాత గ్యాస్.
3. ఆక్సిజన్ బిగింపులకు నూనె, గ్రీజు తగలనివ్వకూడదు.
4. రెండు గొట్టాలకూ మంట వెనక్కి పాకకుండా ఆపే వాల్వులు ఉండాల్సిందే.
5. డిడీమియం కళ్లద్దాలు. వేడెక్కిన గాజులోని సోడియం పసుపు మంటను ఇవి అడ్డుకుంటాయి. ఇవి లేకపోతే పూస కనిపించదు, పసుపు వెలుగే కనిపిస్తుంది.

మే నెలలో కాన్సన్‌ట్రేటర్ రోజూ మధ్యాహ్నం మొరాయించింది. మంట మళ్లీ పసుపుకు తిరిగేది. వరండాలో 43 డిగ్రీలు. యంత్రం వెనక చూస్తే 40 డిగ్రీల లోపు వాడాలని రాసి ఉంది! దాన్ని గదిలోకి మార్చి గొట్టం పొడిగించాను. నాకు మాత్రం ఆ సుఖం లేదు. ఫ్యాను వేస్తే మంట ఊగుతుంది. పొగలు లాగే ఎగ్జాస్ట్ ఫ్యాను ఒక్కటే తిరుగుతుంది, అదీ నా తల వెనక కాదు, మంట అవతల. చేతిగాజుల రంగుల్లో ఏ లోహాలు ఉంటాయో డబ్బా మీద రాయరు కాబట్టి దానిలో రాజీ పడలేదు.

గ్యాస్ వాడకం: సిలిండరును తూకం వేస్తూ 8 గంటల పని చూశాను. 900 గ్రాములు తగ్గింది, అంటే గంటకు 112 గ్రాములు. 5 కిలోలు దాదాపు 44 గంటలు.

ఖర్చు: వృథా అయిన చేతి టార్చి 1,100, కాన్సన్‌ట్రేటర్ 15,000, బల్ల టార్చి 16,500, రెగ్యులేటర్, గొట్టాలు, వాల్వులు 3,400, కళ్లద్దాలు 2,800, సిలిండరు 1,900. ఈ దశకు 40,700. మొత్తం 41,300.

దశ 3: ఊచ, పూత

పూసను స్టీలు ఊచ చుట్టూ తిప్పుతూ చేస్తారు. ఊచకు పూత లేకపోతే గాజు దాన్ని పట్టుకుని వదలదు. ఊచలకు వెల్డింగ్ సామాన్ల కొట్టులో దొరికే 2.4 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ కడ్డీలు సరిపోయాయి. కిలోకు 28 వచ్చాయి. 25 సెంటీమీటర్ల చొప్పున కోస్తే 112 ఊచలు.

పూతలో మూడు ప్రయత్నాలు:

రాతి ముగ్గుపిండి. ఇంట్లో ఉంది కదా అని. అది సున్నపురాయి జాతి, మంటలో వాయువు వదిలింది. పూస అడుగంతా నురగ.

చైనా క్లే (తెల్ల బంకమన్ను) ఒక్కటే. ఎండాక గట్టిగానే ఉంది, కాలాక ఇంకా గట్టిపడింది. పూస ఊచకు అతుక్కుపోయింది.

అల్యూమినా హైడ్రేట్ (మంటకు కరగని తెల్ల పొడి), చైనా క్లే సమపాళ్లలో. ఇదే నిలిచింది. నీళ్లు కలిపితే దోసె పిండి కన్నా పలుచగా, మజ్జిగ కన్నా చిక్కగా ఉండాలి. ఊచను ఒక్కసారే ముంచి తీసి, ఇసుక డబ్బాలో నిలబెట్టి ఒక రాత్రి ఆరనివ్వాలి. రెండుసార్లు ముంచితే పెచ్చులూడుతుంది.

పూస తీయడానికి ఊచను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున పట్టుకారుతో మెలితిప్పాలి. రంధ్రం లోపలి పూతను నీళ్ల కిందే తోమాలి. పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మొదటి రెండు పూతలతో 23 పూసలు చేస్తే 20 ఊచల మీదే పగిలాయి. ఊడి వచ్చిన మూడూ గాలికి చల్లారుతూనే టప్‌మని విచ్చుకున్నాయి.

ఖర్చు: ఊచలు 520, అల్యూమినా 300, చైనా క్లే 60. మొత్తం 42,180.
పూసలు: చేసినవి 23, నిలిచినవి 0.

దశ 4: బూడిద

ఈ తప్పు నాదే, అందులోనూ సగం తెలిసి చేసినది. ఏర్పేడు మండలం పాపానాయుడుపేటలో గాజు పూసలు చేసేవాళ్లు బూడిద వాడతారని విన్నాను. అయితే చల్లార్చడానికే అయి ఉంటుందని నిశ్చయించుకుని ఒక బస్తా ఊక బూడిద తెప్పించాను. ఎర్రగా ఉన్న పూసను ఊచతో సహా అందులో గుచ్చి మర్నాడు తీసేదాన్ని.

40 పూసలు చేశాను. కొత్త పూత వల్ల ఒక్కటీ అంటుకోలేదు. కానీ 24 గంటల్లో 17 చీలాయి, వారంలోపు మరో 6. సైజును బట్టి విడదీస్తే విషయం తెలిసింది:

8 మిల్లీమీటర్ల లోపు: 14 చేస్తే 2 పోయాయి.
8 దాటినవి: 26 చేస్తే 21 పోయాయి.

చిన్న పూసకు పైభాగం, లోపలి భాగం దాదాపు ఒకేసారి చల్లబడతాయి. పెద్దదానికి పైన గట్టిపడ్డాక లోపల ఇంకా ముడుచుకుంటూ ఉంటుంది. బూడిద వేడిని నిలుపుతుందే తప్ప ఒక ఉష్ణోగ్రత దగ్గర ఆపి ఉంచలేదు.

తరవాత తెలిసింది, పాపానాయుడుపేట బూడిద కథే వేరు. అక్కడ నాలాగా ఒక్కో పూస చుట్టరు. కొలిమిలోని గాజు ముద్ద నుంచి పొడవాటి బోలు గొట్టం లాగి, చిన్న ముక్కలుగా కోస్తారు. ఆ ముక్కల అంచులు గుండ్రబడేందుకు మళ్లీ వేడి చేసేటప్పుడు రంధ్రాలు మూసుకుపోకుండా బూడిద నింపుతారు. పుదుచ్చేరి దగ్గర అరికమేడు పురావస్తు తవ్వకాల్లో దొరికిన చిన్న చిన్న పూసలూ లాగిన గొట్టం నుంచి కోసినవే. నేను వాళ్ల పనిలో ఒక్క మాట విని మిగతాది ఊహించాను.

(గొట్టం లాగడమూ ప్రయత్నించాను. ఊచ చివర గాలి బుడగ పెట్టి 40 సెంటీమీటర్లు లాగితే, మొదటి 6 సెంటీమీటర్లకే రంధ్రం ఉంది. తరవాతది వట్టి కడ్డీ. ఇక జోలికి పోలేదు.)

ఖర్చు: బూడిద ఊరికే వచ్చింది. మొత్తం 42,180.
పూసలు: చేసినవి 63, నిలిచినవి 17.

దశ 5: కరెంటు బట్టీ

కావలసింది మంద శీతలీకరణం: గాజులోని ఒత్తిడి సడలే ఉష్ణోగ్రత దగ్గర కాసేపు ఆపి, ఆపైన నెమ్మదిగా దించడం. కొనే బట్టీల ధర విని, కట్టుకున్నాను.

గోడలు: వేడి నిలిపే తేలిక ఇటుకలు (కె-23 రకం) 22. లోపలి గది 23 × 11.5 × 11.5 సెంటీమీటర్లు.

తీగ: కరెంటుతో వేడెక్కే 22 గేజి కాంథాల్ తీగ, మీటరుకు దాదాపు 3.66 ఓములు. 230 వోల్టుల మీద 5 ఆంపియర్లు కావాలంటే 46 ఓములు, అంటే 12.6 మీటర్లు. 8 మిల్లీమీటర్ల కడ్డీ మీద బిగించి చుడితే 33 సెంటీమీటర్ల స్ప్రింగు వచ్చింది.

మొదటి తప్పు: స్ప్రింగును 50 సెంటీమీటర్లకే చాపాను. చుట్లు ఒకదానికొకటి తగిలి, మూడో రోజు ఒక చోట తెల్లగా మెరిసి తెగింది. రెండోసారి 90 సెంటీమీటర్లకు చాపి, పక్క గోడల్లో నాలుగు గాడులు తీసి పరిచాను. ఇప్పటికీ అదే నడుస్తోంది.

రెండో తప్పు ఖరీదైనది. ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ తీగలు పసుపు, ఎరుపు. ఎరుపు అంటే ప్లస్ అనుకుని బిగించాను. నాకు వచ్చిన దానిలో ఎరుపు మైనస్. బట్టీ వేడెక్కుతున్న కొద్దీ, వేడిని చూసి కరెంటు ఇచ్చే, ఆపే కంట్రోలరులో అంకె తగ్గుతూ పోయింది. ఇంకా చల్లగా ఉందనుకుని అది కరెంటు ఇస్తూనే ఉంది. నేను లోపల వంట చేస్తున్నాను. గంటన్నర తరవాత వచ్చి చూస్తే తలుపు సందులోంచి నారింజ వెలుగు. 11 పూసలు ఒకే ముద్ద. ఆ ముద్దను పారేయలేదు, బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకున్నాను.

బిగించగానే చేయాల్సిన పరీక్ష: కరెంటు ఇవ్వకముందు, గాలి ఒంటి కన్నా చల్లగా ఉన్న వేళ, థర్మోకపుల్ కొసను వేళ్ల మధ్య పట్టుకోవాలి. అంకె పెరగాలి. తగ్గితే తీగలు తారుమారు.

ఉష్ణోగ్రత ఎంత? అచ్చుగుద్దిన సమాధానం చేతిగాజులకు ఉండదు. 3 మిల్లీమీటర్ల కడ్డీని రెండు ఇటుక ముక్కల మీద 15 సెంటీమీటర్ల ఎడంతో వంతెనలా పెట్టాను. 480 నుంచి పది డిగ్రీల చొప్పున పెంచుతూ ఒక్కో మెట్టు మీద 15 నిమిషాలు ఆగాను. 550 దగ్గర నడుమ 2 మిల్లీమీటర్లు కుంగింది. 40 తగ్గించి 510 ఖాయం చేసుకున్నాను.

1. బట్టీ 510కి వచ్చాకే మంట దగ్గర కూర్చోవాలి.
2. పూస ఎరుపు దిగగానే ఊచతో సహా బట్టీలోకి.
3. చివరి పూస తరవాత గంటసేపు 510.
4. గంటకు 60 డిగ్రీల చొప్పున 400 దాకా.
5. ఆపేసి, మర్నాడు తెరవాలి.

ఇలా 24 చేస్తే 14 నిలిచాయి. సంతోషించాల్సింది పోయి అనుమానం వచ్చింది. మల్టీమీటరుతో వచ్చిన రెండో థర్మోకపుల్‌ను పూసలుండే చోట పెట్టాను. కంట్రోలరులో 510, పూసల దగ్గర 466. కొలిచే కొస తీగ పక్కనే ఉండడంతో తీగ వేడినే చెబుతోంది. దాన్ని పూసల మధ్యకు మార్చాక 24కి 21 నిలిచాయి.

ఒక రాత్రి 510 దగ్గర ఉండగా కరెంటు పోయింది. ఇటుకల పుణ్యమా అని 400కి దిగడానికి 50 నిమిషాలు పట్టింది, పూసలు బతికాయి. బట్టీకి ఎర్త్ తీగ, లీకేజీ బ్రేకర్, తలుపు తీస్తే కరెంటు ఆగే స్విచ్చి తప్పనిసరి. మీరు ఊచ పెట్టే చోటికి రెండంగుళాల దూరంలో 230 వోల్టుల తీగ ఉంటుంది.

ఖర్చు: ఇటుకలు 2,640, కాంథాల్ (రెండుసార్లు) 780, కంట్రోలరు, రిలే, థర్మోకపుల్ 2,300, ఇనుప చట్రం 1,800, సిరామిక్ ఉన్ని 480. ఈ దశకు 8,000. మొత్తం 50,180.
పూసలు: చేసినవి 122, నిలిచినవి 52.

దశ 6: జోడీ కుదరని గాజులు

ఆకుపచ్చ మీద ఎర్ర చుక్కలు పెడదామనిపించింది. 19 చేస్తే 15 చీలాయి. చల్లార్చడం చాల్లేదనుకున్నాను. గంటను మూడు గంటలు చేశాను. మరో 12 చేస్తే 10 చీలాయి. రెండు వారాలు, బోలెడు కరెంటు, ఫలితం శూన్యం.

అప్పుడు కాని చీలికలను భూతద్దంతో చూడలేదు. ముందే చూడాల్సింది.

రంధ్రం నుంచి బయటికి గీతలా పాకితే: చల్లార్చడంలో లోపం.
చుక్క చుట్టూ అంచు వెంబడి తిరిగితే: రెండు గాజులకు పొత్తు లేదు.
మంట దగ్గరే టప్‌మంటే: కడ్డీని ఒక్కసారిగా మంటలో పెట్టారు.
రంధ్రం అంచులో పెచ్చు లేస్తే: కొసలు లోపలికి తిరగకుండా పదునుగా మిగిలాయి.

నావి అన్నీ రెండో రకం. వేడికి ఒక గాజు ఎక్కువ వ్యాకోచిస్తుంది, ఇంకొకటి తక్కువ. చల్లారేటప్పుడు ఎక్కువ ముడుచుకునేది రెండోదాన్ని లాగుతుంది. మూడు గంటలు కాదు, మూడు రోజులు బట్టీలో పెట్టినా ఆ తగువు తీరదు.

పొత్తు చూసే దారం పరీక్ష:

1. రెండు గాజు ముక్కలను పక్కపక్కన అతికించి కరిగించాలి. మెలి పడనివ్వకూడదు.
2. అర మిల్లీమీటరు దారంగా లాగాలి.
3. చల్లారాక 30 సెంటీమీటర్ల ముక్కను గ్రాఫ్ కాగితం మీద పెట్టి, నడుమ వంపు ఎంతో కొలవాలి. వంపు లోపలివైపు ఉన్న గాజు ఎక్కువ ముడుచుకునేది.

నాకు వచ్చినవి: ఒకే కట్టలోని ఆకుపచ్చలు 1 మిల్లీమీటరు. ఆకుపచ్చ, నలుపు 4. నీలం, తేనె రంగు 9. ఆకుపచ్చ, ఎరుపు 26. ఇక రెండు వేర్వేరు కట్టల ఆకుపచ్చలు, పక్కన పెడితే తేడా తెలియనివి: 11.

దశ 5లో ఒకే రంగుతో చేసినా చీలిన మూడు పూసల గుట్టు ఇదే. డబ్బాలో కలిపి పోసిన ఆకుపచ్చలు. ఆ డబ్బాను మళ్లీ కట్టలుగా విడదీయడం కుదరదు కనుక 1.3 కిలోలు పక్కన పెట్టేశాను.

చీలకముందే చూసే ఉపాయం కూడా ఉంది. ల్యాప్‌టాప్ తెరను తెల్లగా పెట్టి, పోలరాయిడ్ చలువ కళ్లద్దాలను తెర నల్లబడేదాకా తిప్పాలి. తెరకూ అద్దాలకూ మధ్య పూసను పట్టుకుంటే, ఒత్తిడి ఉన్న చోట వెలుగు కనిపిస్తుంది. గుండ్రటి పూస కాంతిని చెదరగొడుతుంది కాబట్టి వంటనూనె పోసిన గాజు గ్లాసులో ముంచి చూడాలి. ఆ గ్లాసులోనే వెలుగుందేమో ముందు ఖాళీగా చూసుకోవాలి. ప్లాస్టిక్ గ్లాసు పనికిరాదు, అదే మెరుస్తుంది. బాగా చల్లారిన పూస మొత్తం చీకటి. ఎర్ర చుక్కల పూసలో ప్రతి చుక్క చుట్టూ వెలుగు ఉంగరం. ఆకాశంలో గ్రహణం చూసినట్టు చాలాసేపు చూశాను.

5 మిల్లీమీటర్ల లోపు వంపున్న జోడీలతో మాత్రమే 20 చేశాను. 19 నిలిచాయి.

ఖర్చు: చలువ కళ్లద్దాలు 450. మొత్తం 50,630.
పూసలు: చేసినవి 173, నిలిచినవి 77.

దశ 7: 108

అప్పటిదాకా నా పూసల సైజు 8.1 నుంచి 12.4 మిల్లీమీటర్ల దాకా. కంటితో ఆపడం వల్ల వచ్చిన తేడా. దండలో గుచ్చితే మెట్లలా కనిపించేవి.

మార్చినది ఒక్కటే: కన్నును నమ్మడం మానేసి బరువును నమ్మాను. ఒకే కట్ట నుంచి వచ్చిన నాలుగు డజన్ల చేతిగాజులు తీసుకుని, ఒక్కోదాన్ని ఆకురాయితో గంటుపెట్టి మూడు సమాన ముక్కలు చేశాను. ఒక ముక్క, ఒక పూస, మిగులు లేకుండా. తక్కెడలో 1.10 నుంచి 1.20 గ్రాముల మధ్య ఉన్నవే మంట దగ్గరికి వెళ్లాయి. పట్టుకోవడానికి ముక్క చిన్నది కనుక అదే కట్ట కడ్డీ కొసకు అతికించి వాడాను. పూసకు 6 నిమిషాలు. రోజుకు 15 దాటితే చెయ్యి వణికింది, కాబట్టి ఎనిమిది రోజులు పట్టింది, చివరి రోజు 16.

చేసినవి 121, నిలిచినవి 113. వాటిలో 9.6 నుంచి 10.4 మిల్లీమీటర్ల మధ్య 108, బయట 5. సరిగ్గా సరిపోయాయి కానీ ఒక్కటి కూడా మిగల్లేదు.

ఖర్చు: గ్యాస్ మళ్లీ రెండుసార్లు, 1,500. మొత్తం 52,130.
పూసలు: చేసినవి 294, నిలిచినవి 190.

దండ ఆచారి గారి చేతికి ఇచ్చాను. ఒక్కో పూసనూ వేలితో జరుపుతూ లెక్కపెట్టి, "రంధ్రాలు బాగున్నాయి. ఇంత సమంగా ఉంటే మిషను పూసలనుకుంటారమ్మా" అన్నారు. పొగిడారో లేదో ఇంకా తేల్చుకోలేదు.

దండ గుచ్చిన పదకొండో రోజు: 63వ పూస రంధ్రం అంచులో పెచ్చు లేచింది. నూనె గ్లాసులో చూస్తే పూసంతా చీకటే, ఒత్తిడి లేదు. కొస లోపలికి తిరగలేదు, పక్క పూస రాసుకుంటోంది. మిగిలిన ఐదింటిలో దగ్గరి సైజు 9.5. అదే గుచ్చాను. దండలో 108, డబ్బాలో 4. నిలిచినవి 190 నుంచి 189కి దిగాయి. ఎర్ర చేతిగాజుల సంచి 640 గ్రాములు, కట్టలు విప్పలేదు.